పాత రూటర్‌కు మేడ మీద ఉద్యోగం

మా ఫైబర్ కనెక్షన్ రూటర్ కింది హాల్లో, టీవీ పక్కన ఉంటుంది. మేడ మీద వెనక గదికి చేరాలంటే కాంక్రీటు స్లాబును, రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలను దాటాలి కనుక అక్కడ ఫోనులో ఒక్క గీతే కనిపించేది. గోడలను అంత తేలిగ్గా దాటలేని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే అసలు అందేదే కాదు. ఇల్లంతా ఒకే వైఫైగా పరిచే మెష్ పరికరాల ధరలు చూసి వెనకడుగు వేస్తున్నప్పుడు, అటక మీద పడి ఉన్న పాత 300 ఎంబీపీఎస్ రూటర్ గుర్తుకు వచ్చింది.

మొదట దానిని రిపీటర్‌గా, అంటే కింది వైఫైని అందుకుని మళ్లీ పంచేలా, పెట్టి చూశాను. ఒకే రేడియో అటు వినాలి, ఇటు చెప్పాలి కనుక ఆ పద్ధతిలో వేగం దాదాపు సగానికి పడిపోతుంది. వైరు లాగే వీలు ఏ కాస్త ఉన్నా లాగడమే మేలని నా అభిప్రాయం. ఇల్లు కట్టినప్పుడు కేబుల్ టీవీ కోసం మెట్ల పక్క గోడలో వేసిన గొట్టం ఇన్నేళ్లకు అక్కరకు వచ్చింది. ప్లగ్గులు బిగించి ఉన్న 20 మీటర్ల క్యాట్ 5ఈ కేబుల్‌ను అందులోంచి పైకి లాగుతుంటే, మలుపు దగ్గర ప్లగ్గుకుండే చిన్న నాలుక కాస్తా విరిగి, కొత్త ప్లగ్గు వేయించాల్సి వచ్చింది.

పాత రూటర్ రీసెట్ రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి, ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి సెట్టింగులు తెరిచాను. కింది రూటర్ చిరునామా 192.168.1.1 కాగా, అది 100వ నంబరు నుంచి మొదలుపెట్టి చిరునామాలు పంచుతుంది కనుక పాతదానికి 192.168.1.2 ఇచ్చాను. ఆ వెంటనే పాతదానిలో డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు చిరునామాలు పంచే పనిని, ఆపాలి. నేను ఆపడం మరచి కేబుల్ గుచ్చేశాను. కాసేపటికే సీరియల్ ఆగిపోయిందని కింది నుంచి అమ్మ కేక వేసింది. వైఫై గుర్తు నిండుగా ఉన్నా నెట్ మాత్రం లేదు. చూస్తే, చిరునామాలు పంచే పని పాత రూటర్ కూడా నెత్తిన వేసుకుని, ఇంటర్నెట్‌కు దారి తానేనని ఫోన్లకూ టీవీకీ చెబుతోంది! డీహెచ్‌సీపీ ఆపి, అన్నింటినీ ఒకసారి వైఫై నుంచి తప్పించి కలిపాక ఇల్లు శాంతించింది.

కేబుల్‌ను బయటి నెట్ వచ్చే వ్యాన్ (WAN) పోర్టులో కాకుండా రెండు వైపులా ఇంట్లోని పరికరాలను కలిపే ల్యాన్ (LAN) పోర్టుల్లోనే పెట్టాలి. రెండు రూటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంచి, సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా కింద 1వ ఛానల్, పైన 11వ ఛానల్ ఎంచుకున్నాను. పాతదానికి అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైంది కనుక, అది ఇంటర్నెట్‌కు నేరుగా తగలకుండా కింది రూటర్ చాటునే ఉన్నా, పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్‌తోనో పిన్ నంబరుతోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేశాను. దాని పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే గాని, మా ప్లాన్ కూడా అంతే.

ఇప్పుడు వెనక గదిలో వీడియో కాల్ ఆగకుండా సాగుతోంది. మెట్లెక్కుతూ పైకి వెళితే మాత్రం ఫోను కొన్నిసార్లు కింది రూటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. అప్పుడు వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెడుతున్నాను.