అన్నీ గెలిచినా పిలవరట!

13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచిన టీమును చాంపియన్‌షిప్ పోటీకే పిలవకపోతే మన దగ్గరైతే రోడ్డు మీద ధర్నా అయ్యేది. 2023లో అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీముకు అచ్చం ఇదే జరిగింది. డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడి పుణ్యమా అని హనుమకొండలో కూర్చున్న నాకు ఈ అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) పిచ్చి పట్టింది, అక్కడి శనివారం రాత్రి మ్యాచ్‌లు మనకు ఆదివారం పొద్దున వస్తాయి కాబట్టి నాకేం ఇబ్బంది లేదు, ఇబ్బందంతా ఇంట్లోవాళ్ళకే.

అసలు చిక్కేమిటంటే, పై డివిజన్‌లో 130కి పైగా టీములున్నాయి, ఒక్కో టీము రెగ్యులర్ సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లే. అందరూ అందరితో ఆడటం కుదరదు, మరి ఎవరు గొప్పో ఎవరో ఒకరు తేల్చాలి. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ పోల్‌లో విలేకర్లు ఓట్లేసి తేల్చారు, 1950లో కోచ్‌ల పోల్ ఒకటి మొదలైంది. రెండు పోల్స్‌కూ పొత్తు కుదరని ఏడాది ఇద్దరు చాంపియన్లు. 1997లో మిషిగన్, నెబ్రాస్కా రెండూ ఒక్క మ్యాచ్ ఓడలేదు, చెరో పోల్‌లో నంబర్ వన్ అయ్యాయి, ఒకదానితో ఒకటి ఆడింది మాత్రం లేదు!

ఈ గోల వదలాలని 1998లో బీసీఎస్ (బౌల్ చాంపియన్‌షిప్ సిరీస్) అనే పద్ధతి తెచ్చారు. పోల్స్‌కు కంప్యూటర్ ర్యాంకులు కలిపి, మొదటి రెండు టీములకు ఫైనల్. మన ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) ఒక సెషన్ పేపర్ కష్టంగా వస్తే నార్మలైజేషన్ చేస్తారు కదా, ఈ కంప్యూటర్లదీ దాదాపు అదే పని: నువ్వు గెలిచింది ఎవరి మీద, వాళ్ళు గెలిచింది ఎవరి మీద అని చూసి లెక్క సరిచేస్తాయి. 2003లో ఆ లెక్కే కొంప ముంచింది. ఓక్లహోమా తన కాన్ఫరెన్స్ (కొన్ని టీములు కలిసి ఆడుకునే లీగ్) ఫైనల్లో కాన్సస్ స్టేట్ చేతిలో 35-7తో చిత్తయి కూడా బీసీఎస్‌లో నంబర్ వన్‌గానే ఉండిపోయింది, రెండు పోల్స్‌లోనూ పైనున్న యూఎస్‌సీ బయట నిలబడింది. ఫైనల్లో ఓక్లహోమాను ఓడించి ఎల్‌ఎస్‌యూ టైటిల్ పట్టుకుపోయింది, ఏపీ వాళ్ళేమో యూఎస్‌సీకే పట్టం కట్టారు. మళ్ళీ ఇద్దరు.

2014లో ఫార్ములా తీసేసి 13 మందితో కమిటీ వేశారు, నాలుగు టీముల ప్లేఆఫ్ (ఓడితే ఇంటికే అనే నాకౌట్) పెట్టారు. నాకు మండేది ఇక్కడే. 2023లో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) జోర్డన్ ట్రావిస్ కాలికి దెబ్బ తగిలింది, అతను లేకుండా ఇది అదే టీము కాదని కమిటీ తీర్మానించి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాను నాలుగో స్థానంలో కూర్చోబెట్టింది. కంప్యూటర్‌కు ఎవరి కాలు విరిగిందో తెలియదు, దాని మంచితనమే అది. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో (బౌల్ అంటే సీజన్ చివర పెట్టే ప్రత్యేక మ్యాచ్) జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో ఓడితే "చూశావా మామా" అని మావాడు ఎగిరాడు, కానీ ఆ మ్యాచ్‌కు వాళ్ళ మంచి ఆటగాళ్ళు చాలామంది దిగనేలేదు, అది లెక్కలోకి ఎలా వస్తుంది?

2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 టీములు. దాంతో కొట్లాట నాలుగో స్థానం దగ్గర్నుంచి కిందికి జరిగిందంతే. 2025లో మయామీ, నోటర్‌డామ్ రెండూ పది గెలిచి రెండు ఓడాయి. సీజన్ మొదట్లో మయామీయే నోటర్‌డామ్‌ను ఓడించినా, నవంబర్‌లో కమిటీ వారం వారం ఇచ్చిన ర్యాంకుల్లో నోటర్‌డామే పైన! చివరి లిస్టులో మాత్రం మయామీని తీసుకున్నారు, ఆ ఫలితం డిసెంబర్‌లో గుర్తొచ్చిందేమో. నోటర్‌డామ్ అలిగి, ఏ బౌల్ మ్యాచ్‌కూ వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంది.