మూడు లాంతర్ల దగ్గర పొడుగు కోటు

1940ల నాటి నలుపు తెలుపు హాలీవుడ్ నేర చిత్రాలంటే నాకు పిచ్చి. 1946లో ఫ్రెంచి విమర్శకులు వాటిని 'ఫిల్మ్ నువార్' అన్నారు, అంటే నల్ల సినిమా. ఆ ధోరణిలో హైస్కూలు పిల్లలకో మిస్టరీ నవల రాద్దామని కూర్చున్నాను. మొదటి అధ్యాయంలోనే బోల్తా పడ్డాను. డిటెక్టివ్‌కి పొడుగు కోటు తొడిగి మూడు లాంతర్ల జంక్షన్‌లో నిలబెట్టాను. నెలేమో మే. విజయనగరం ఎండలో కోటేసుకుని తిరిగేవాడి మీద ముందు కుక్కలకే అనుమానం వస్తుంది.

కోటు తీసేశాను. డిటెక్టివ్‌నీ తీసేశాను. పదో తరగతి అమ్మాయే కథ చెబుతుంది. మరి చీకటి? ఇప్పుడు సందుసందుకీ ఎల్ఈడీ దీపాలాయె. అమ్మ అంది, "హుద్‌హుద్ మర్చిపోయావేటే?" నిజమే! 2014 అక్టోబర్ 12న తుఫాను తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి మాకు కరెంటు లేదు. కథంతా ఆ రాత్రుల్లోకి మార్చేశాను.

ఆ సినిమాల్లో కిటికీ బద్దల నీడలు మనుషుల మొహాల మీద చారలు చారలుగా పడతాయి. మన ఇళ్లలో ఊచలున్నాయిగా! ఒక రాత్రి మెయిన్ ఆపేసి, వరండాలో కొవ్వొత్తి వెలిగించి, లోపల అద్దం ముందు కూర్చున్నాను. వత్తి రెపరెపలాడినప్పుడల్లా ఊచల నీడ బుగ్గ మీంచి గోడెక్కి, మళ్లీ దిగింది. కొవ్వొత్తి తెచ్చి గడ్డం కింద పెట్టుకుంటే నాకే నా మొహం కొత్తగా ఉంది. "ఫ్యూజు పోయిందా?" అంటూ మా ఆయన వచ్చి, నన్ను చూసి అక్కడే ఆగిపోయారు. ఆ ఆగిపోవడం మూడో అధ్యాయంలో ఉంది.

నమ్మించి ముంచే అందగత్తె లేకపోతే ఆ సినిమాలు చాలామటుకు నడవవు. పిల్లల నవలకి ఆ గొడవ ఎందుకని, ఆ పని ప్రాణస్నేహితురాలికి అప్పగించాను. చీకట్లో నానమ్మ కాసులపేరు పోతుంది, తీసింది ఆ స్నేహితురాలే. రాయడానికి అన్నిటికన్నా కష్టమైంది ఇదే. పదిహేనేళ్ల వయసులో స్నేహితురాలి అబద్ధం హత్య కన్నా పెద్దది.

తొమ్మిదో తరగతి చదివే అక్క కూతురికి చదవమని ఇచ్చాను. "పిన్నీ, ఈ పిల్ల రిటైరైన ప్లీడరులా మాట్లాడుతోంది," అంది. సంభాషణలన్నీ తిరగరాశాను. ముగింపు మాత్రం మార్చలేదు, స్నేహితులు కలవరు. దానికది నచ్చలేదు. రాతప్రతి తిరిగొచ్చాక చూస్తే, చివరి పేజీ వెనక పెన్సిల్‌తో ఇద్దర్నీ కలిపేసి ఉంది.