గడియారం సెంటర్‌లో అమెరికా లొల్లి

నల్గొండ గడియారం సెంటర్ చాయ్ హోటళ్లలో ఇక్కడి పార్టీల పంచాయితీ ఎప్పుడూ ఉండేదే. దానికిప్పుడు ట్రంప్ తోడయ్యాడు. మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు దిక్కు నుంచి ఎంఎస్‌కు పోయిన పిల్లలుండగా వాళ్ల తల్లిదండ్రులకు వాషింగ్టన్ వార్త పరాయి ముచ్చటేం కాదు. వాదించుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ వార్త ఏ మెట్టు మీదుందో అడగకుండానే ఒకరు ట్రంప్ వైపు, ఒకరు డెమొక్రాట్ల వైపు చేరిపోతారు. చిక్కంతా అక్కడే.

మ్యుటేషన్‌కు స్లాట్ బుక్ చేసినాయన పాస్‌బుక్ వచ్చిందని చెప్పుకుంటే ఊళ్లో నవ్వుతారు. అదే నవ్వినాయన ‘అమెరికాలో బిల్లు పెట్టారట’ అనగానే చట్టమైపోయినట్టు గుండె పట్టుకుంటాడు. అక్కడ ఏ సభ్యుడైనా బిల్లు పెట్టొచ్చు. రెండేళ్లలో వేల బిల్లులు పడతాయి, చట్టాలయ్యేవి కొన్ని వందలు కూడా దాటవు. ఇంకో తిరకాసు మాటలో ఉంది. ‘కాంగ్రెస్ ఆమోదించింది’ అంటే అక్కడ పార్లమెంటు అని అర్థం. మన దగ్గర ఆ మాట వినగానే చెయ్యి గుర్తే కళ్లముందు మెదులుతుంది. రంగులూ అంతే. ఎర్ర రాష్ట్రం అంటే అక్కడ ట్రంప్ పార్టీ రిపబ్లికన్లది, సంప్రదాయవాదులది. కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డిని గెలిపించిన జిల్లాలో ఎరుపంటే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా!

మెట్టు మెట్టుకూ వార్త ఎట్లా మారుతుందో చూడాలంటే డబ్బు పంపే పన్ను కథ చాలు. 2025 మేలో దిగువ సభ అయిన ప్రతినిధుల సభ కమిటీలో పెట్టిన ముసాయిదాలో, పౌరులు కానివాళ్లు విదేశాలకు పంపే డబ్బుపై 5 శాతం పన్ను ఉంది. అంటే వెయ్యి డాలర్లకు 50 డాలర్లు. వాట్సాప్‌లో తిరిగింది ఈ అంకే. మే 22న సభ 215–214 ఓట్లతో పాస్ చేసేసరికి అది 3.5 శాతం అయింది. ఎగువ సభ సెనేట్ దాకా పోయేసరికి 1 శాతానికి దిగింది. జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంలో మిగిలింది ఆ ఒక్క శాతమే. అది కూడా నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్ లాంటివి కౌంటర్‌లో ఇచ్చి పంపితేనే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతోనో పంపితే ఈ పన్ను లేదు. అమల్లోకొచ్చింది 2026 జనవరి 1 నుంచి. చాలామంది పిల్లలు పంపేది ఖాతా నుంచే కాబట్టి, మే నెలలో కొట్లాడుకున్న 50 డాలర్లు చివరికి సున్నా.

అదే బిల్లు ఇంకో సంగతి కూడా చెబుతుంది. సెనేట్‌లో మామూలు బిల్లు మీద చర్చ ముగించాలంటే వందలో 60 ఓట్లు కావాలి. రిపబ్లికన్లకున్నవి 53. అందుకే దాన్ని బడ్జెట్ దారిలో, సగానికి ఒక ఓటు ఎక్కువైతే చాలనే పద్ధతిలో నడిపించారు. అట్లా కూడా ముగ్గురు సొంతవాళ్లు ఎదురు తిరిగారు. లెక్క 50–50 అయితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది. ఇక్కడైతే విప్ ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద పదవికే ఎసరు. అక్కడ అట్లాంటి చట్టం లేదు. ‘సభలు రెండూ వాళ్లవే, ఏమైనా చేస్తారు’ అనే వాదన అందుకే ప్రతిసారీ నిలవదు.

అధ్యక్షుడి ఉత్తర్వులు వేరే జాతి. వీటికి సభ అక్కర్లేదు, సంతకం పడితే చాలు, అందుకే హడలెత్తిస్తాయి. 2025 సెప్టెంబర్ 19 శుక్రవారం ఉద్యోగ వీసా హెచ్‌-1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వెలువడింది. ఆనాటి మారకంలో దాదాపు 88 లక్షల రూపాయలు. మనకు శనివారం తెల్లారేసరికి గ్రూపులన్నీ నిండిపోయాయి. వాణిజ్య మంత్రి లట్నిక్ ఏటా కట్టాలన్నట్టు మాట్లాడారు. మర్నాడు వైట్‌హౌస్ వచ్చి ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే అంది. అమలు గడియ మన టైములో ఆదివారం పొద్దున 9:31. ఆ మధ్యలో జరిగిన గొడవ చాలావరకు మంత్రి మాటకూ రాసున్న కాగితానికీ తేడా చూడకపోవడం వల్లే. ఆ కాగితంలోనే, పొడిగిస్తే తప్ప 12 నెలలకే అనీ ఉంది.

అక్టోబర్ 20న ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన వివరణ తల్లిదండ్రులకు అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌-1బీ హోదాకు మారేవాళ్లకు ఈ ఫీజు వర్తించదు. కానీ ఆ దరఖాస్తు తేలకముందే పిల్లవాడు దేశం దాటితే, లేదా హోదా మార్పుకు అర్హత లేదని శాఖ తేలిస్తే, ఫీజు మీద పడుతుంది. చెల్లి పెండ్లికి రమ్మని పట్టుబట్టే ముందు ఈ ఒక్క ముక్క వకీలును అడిగించుకోండి.

అమెరికాలో పుట్టిన పిల్లల పౌరసత్వాన్ని కట్టడి చేస్తూ ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ముచ్చటలోనూ ఇదే పొరపాటు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు తీర్పు రాగానే సగం మంది ‘ట్రంప్ గెలిచాడు, పౌరసత్వం పోయింది’ అన్నారు. ఆ తీర్పు తేల్చింది కింది కోర్టు జడ్జి ఒక్కరు దేశమంతటికీ స్టే ఇవ్వొచ్చా అన్నదే. ఉత్తర్వు రాజ్యాంగానికి సరిపోతుందా అన్నది అందులో తేల్చలేదు.

ఫార్వర్డ్ వచ్చినప్పుడు చూడాల్సిన చోట్లు రెండు. బిల్లయితే కాంగ్రెస్ డాట్ గవ్ సైట్‌లో దాని నంబరు కొట్టండి, ఏ మెట్టు మీదుందో పైనే చూపిస్తుంది. ‘పబ్లిక్ లా’ నంబరు పడితేనే చట్టం, పైన చెప్పిన డబ్బు పన్ను చట్టం నంబరు 119-21. ఉత్తర్వయితే అక్కడి గెజిట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో అసలు కాగితం చూడండి, రూలైతే అందులోనే ‘ప్రతిపాదిత’ అనుందా, ‘తుది’ అనుందా చూడండి. ప్రతిపాదిత అంటే ఇంకా అభ్యంతరాలు తీసుకుంటున్నారని.

2026 నవంబర్ 3న ప్రతినిధుల సభలో మొత్తం 435 సీట్లకు, సెనేట్‌లో 35 సీట్లకు ఎన్నికలు. తొలి పోలింగ్ కేంద్రాలు మూసేసరికి మనకు 4వ తేదీ తెల్లవారుజాము నాలుగున్నర. కాలిఫోర్నియాలో పోస్టు ఓట్ల లెక్క వారాలు సాగుతుంది కాబట్టి, చాయ్ పందెం కాసినవాళ్లు ఆ పొద్దున్నే వసూలుకు కూర్చోకండి.