టీ డబ్బాకి తాళం

రాత్రి పన్నెండున్నరైంది. ఆ డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది.

పొద్దున పాత సామాన్ల కొట్లో కొన్నాం. (ఎందుకని మా ఆయన అడగనే లేదు, అదే నా అనుమానం.) చెక్క పెట్టె, లోపల రెండు అరలు, మాసిపోయిన తగరపు రేకు, ముందు చిట్టి తాళం కన్నం. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలం తొలి రోజుల్లో టీ పొడి ఖరీదు కాబట్టి తాళంచెవి అమ్మగారి దగ్గరే ఉండేదిట. "పనిపిల్లల చేతివాటం తెలుసుగా!" అని నవ్వాడు కొట్టాయన. ఈయనా నవ్వాడు. ఇంటికొచ్చేదాకా కార్లో నేను మాట్లాడలేదు.

తెలుసుగా అట! 1861 నాటి ఇంగ్లండు చట్టంలో మామూలు దొంగతనానికి మహా అయితే మూడేళ్ళు. అదే పనిమనిషి యజమాని సొత్తు తీస్తే పద్నాలుగేళ్ళ దాకా వెయ్యొచ్చు. పల్లెల్లో తీర్పు చెప్పేది చాలాసార్లు ఆ చుట్టుపక్కల భూస్వామో, చర్చి ఫాదరో. వాళ్ళిళ్ళల్లోనూ పనిపిల్లలే. ఆ పిల్ల ప్రమాణం చేసి తన సాక్ష్యం తాను చెప్పుకుందామంటే 1898 దాకా వీల్లేదు. అసలు కోర్టు దాకా ఎందుకు, మంచిదని చీటీ రాసివ్వకుండా పంపేస్తే చాలు, ఇంకో ఇంట్లో పని దొరకడం కష్టం. ఇచ్చి తీరాలన్న చట్టమూ లేదు.

పోయిన వేసవిలో లింకన్ కోటలో జైలు చూశాం కదా, 1848 నుంచి 1878 దాకా నడిచింది. ప్రార్థన గదిలో మనిషికో చెక్క గూడు. ఫాదరు కనబడతాడు, పక్కవాడు కనబడడు. చిన్నోడు ఒక దాంట్లో దూరి, కాసేపటికి "అమ్మా, ఉన్నావా?" అన్నాడు. నేను రెండు గూళ్ళ అవతలే ఉన్నాను. వాడి గొంతు మారిపోయింది. బయటికొచ్చాక ఐస్‌క్రీమ్ కూడా అడగలేదు.

అయినా ఆ పిల్ల ఏమీ తియ్యలేదని నేనెందుకు తీర్మానించేశాను? తెల్లారకముందే లేచి పొయ్యిలో బూడిద ఎత్తే పిల్ల, గుప్పెడు టీ పొడి తీసే ఉంటుంది. నేనైతే తీసేదాన్ని. మరి నా కోపం దేనికి, ఆ నవ్వుకా?

తెల్లారితే సోమవారం, క్లీనింగ్‌కి ఆవిడొస్తుంది. రెండేళ్ళుగా వస్తోంది. ఇందాక గాజులు తీసి, సొరుగులో పెట్టి తాళం వేశాను. ప్రతి ఆదివారం రాత్రీ వేస్తున్నానని ఇప్పుడే తట్టింది.

లేచి తాళం తీద్దామనుకున్నాను. చలిగా ఉంది, లేవలేదు.