ఈసీ క్లియర్‌గా ఉంటే సరిపోతుందా?

పోయిన నెల మా తమ్ముడు ఘట్‌కేసర్ వైపు 200 గజాల ప్లాట్ చూశాడు. ఏజెంటు వాట్సాప్‌లో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా) పంపి, "అంతా క్లియర్ అన్నా, ఏ లొల్లీ లేదు, రేపు టోకెన్ ఇచ్చేయండి" అన్నాడు. వాడు నాకు ఫోన్ చేసేసరికే బ్యాంకు నుంచి డబ్బు తీసి పెట్టుకున్నాడు. ఒక్క వారం ఆగరా అని బతిమాలాను.

ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. నోటిమాటతో జరిగిన పంపకాలు, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, చనిపోయిన మనిషికి వారసులెవరన్నది అందులో ఉండవు. పైగా వాడికిచ్చింది పదేళ్ల ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచీ దొరుకుతుంది కదా, అక్కడి నుంచే తీశాం, లింక్ డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ భూమి ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాలన్నీ అడిగి తెప్పించాం.

వాటిలో ఒక పాత సేల్ డీడ్ దగ్గర ఆగిపోయాను. ఒక పెద్దాయన కష్టార్జితంతో కొన్న భూమి, ఆయన పోయాక ముగ్గురు కొడుకులు లేఔట్ వేసేవాళ్లకి అమ్మారు. చివరి పేజీలో మూడు సంతకాలు, పక్కన మూడు వేలిముద్రలు, అంతే. ఆదివారం ఆ ఊరు వెళ్లి కిరాణా కొట్టు దగ్గర కూర్చున్న ఒక తాతను అడిగితే, "వాళ్లకు ఇద్దరు అక్కలున్నరు కద బిడ్డా, ఒకామెను కీసరకే ఇచ్చిన్రు" అన్నాడు.

తండ్రి తన స్వార్జితానికి వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా వస్తుంది. పెళ్లయిపోయింది, కట్నం ఇచ్చాం, వాళ్లే వద్దన్నారు అంటే కుదరదు, వదులుకున్నట్టు రిజిస్టరైన రిలీజ్ డీడ్ ఉండాలి. ఆ ఇద్దరి సంతకాలు లేకుండా కొంటే రేపు వాళ్లో, వాళ్ల పిల్లలో వాటా కోసం కోర్టుకెక్కొచ్చు. వాళ్లు అడిగేది న్యాయమే కూడా. మరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడరా అంటే, అక్కడ రిజిస్టర్ చేసేది కాగితాన్ని, అమ్మేవాడికి హక్కు ఉందని హామీ ఇవ్వరు.

మిగతావి కూడా చూసుకున్నాం. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదు. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే 1977 చట్టం వల్ల కొన్నవాళ్లకి ఏ హక్కూ రాదు, అందుకే ఈ ఒక్కటీ ఎవరి మాటా నమ్మకుండా మీరే చూడండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ మ్యాపు కూడా అంతే, 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా కూల్చివేతల్లో ఇళ్లు పోయిన వాళ్లని చూశాం కదా. లేఔట్ నంబరును హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) దగ్గర సరిపోల్చాం, పంచాయతీ స్టాంపు చూసి అప్రూవ్డ్ అనుకోకండి. జీపీఏ (ఓనరు తన తరఫున వేరేవాళ్లకి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతామంటే మాత్రం నేనైతే వద్దనే అంటాను. దానివల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

చివరికి తమ్ముడు టోకెన్ ఇవ్వలేదు. అక్కలిద్దరూ వచ్చి రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయిస్తే అప్పుడు మాట్లాడదామన్నాం. వేరే పార్టీ రెడీగా ఉందన్నాడు ఏజెంటు. ఆ పార్టీ నంబరు ఇవ్వు, తాత చెప్పిన మాట వాళ్లకీ చెబుతాను అని అడిగాను. ఇవ్వలేదు.