ఓటు లేని సభ్యత్వం కోసం మేము పడిన తిప్పలు

చూపు లేని విద్యార్థులకు పరీక్షలు రాసిపెట్టే చిన్న సంఘం మాది. విద్యానగర్‌లో ఒక మేడ మీది గది, ఒక బీరువా, ఇరవై కుర్చీలు. కార్యదర్శి పదవి నాకు అంటగట్టి మూడేళ్లయింది.

మా దగ్గర అసలు పని చేసేది పిల్లలు. అభ్యర్థి తానే స్క్రైబ్‌ను, అంటే తాను చెబుతుంటే రాసిపెట్టేవారిని, తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువగా ఉండాలని 2018లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ మార్గదర్శకాలిచ్చింది. ఆ లెక్కన డిగ్రీ విద్యార్థికి ఇంటర్ చదివేవారు రాయాల్సి ఉండేది. వాళ్లకు పదహారు, పదిహేడేళ్లు. పరీక్షల కాలంలో వస్తారు, రెండు మూడు పేపర్లు రాస్తారు, తర్వాత ఎప్‌సెట్ చదువుల్లో పడి కనబడరు. మేమేమో వచ్చిన ప్రతివారికీ యాభై రూపాయల రసీదు ఇచ్చి సభ్యుల పుస్తకంలో పేరు ఎక్కించేశాం.

పుస్తకంలో పేర్లు 214 అయ్యాయి. సర్వసభ్య సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు, అదే కోరం, మూడో వంతు, అంటే 72 మంది. వచ్చింది 41. మామూలు విషయాలకైతే అరగంట ఆగి, ఉన్నవారితోనే జరుపుకోవచ్చు. బైలా, అంటే సంఘం నియమావళి, సవరణకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. జాబితా తగ్గాలంటే సవరణ కావాలి, సవరణకు కోరం కావాలి, కోరం కుదరాలంటే జాబితా తగ్గాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు!

దారి చూపింది మా ఆడిటర్. టీ తాగుతూ బైలా తిరగేసి, ‘ఏడో పేజీ చదివారా మేడమ్?’ అన్నారు. ఏడాదికి మించి చందా బాకీ ఉన్నవారిని కోరంలో లెక్కించకూడదు, సభ్యుడికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి అని అక్కడ స్పష్టంగా ఉంది. ఆ పేజీ టైపు చేసింది నేనే.

అందరికీ ఉత్తరాలు రాశాం, నెల గడువిచ్చాం. చందా కట్టి, వయసు కూడా నిండినవారు 96 మంది తేలారు. కోరం 32కి దిగింది. మిగిలిన పిల్లలను ఏం చేయాలన్న దగ్గర అసలు గొడవ మొదలైంది. వారికి ఓటు లేని వేరే తరగతి పెడదామని నేను ప్రతిపాదించగానే, మాలో పెద్దవారైన మాస్టారు లేచారు. ‘మూడు గంటల పేపరు, గంటకు ఇరవై నిమిషాలు అదనం. మొత్తం నాలుగు గంటలు వేళ్లు నొప్పి పుట్టేలా రాసేది వాళ్లు. ఓటు మాత్రం మనకా?’

నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఇప్పటికీ పూర్తిగా లేదు. కానీ ఆయన మాట వల్లే ముసాయిదా బాగుపడింది. ఓటు లేని ఈ ‘సహసభ్యులు’ సమావేశానికి రావచ్చు, మాట్లాడవచ్చు, జమాఖర్చులు అడిగి చూడవచ్చు. చందా లేదు. పద్దెనిమిది నిండాక కోరితే పూర్తి సభ్యత్వం ఇవ్వాలి. కార్యవర్గం కాదనడానికి వీల్లేదు. ఇప్పటికే ఓటున్న వారిని, రాతపూర్వకంగా వారే కోరితే తప్ప, ఇటు మార్చకూడదు. పేరు దగ్గర గంట పట్టింది. ‘ఉపసభ్యులు’ అంటే చిన్నచూపుగా ఉందన్నారు, ‘గౌరవ సభ్యులు’ అంటే దాతలనుకుంటారన్నారు.

రెండోసారి పిలిచిన సమావేశం నా వల్లే చెడింది. నోటీసులో ‘బైలా సవరణ’ అని రాశాను గానీ సవరణ పాఠం జతచేయలేదు. మళ్లీ నోటీసు, మళ్లీ ఇరవై ఒక్క రోజులు. మూడోసారి 38 మంది వచ్చారు, ఇద్దరు తప్ప అందరూ ఒప్పుకున్నారు. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి కాగితాలు ఒకసారి వెనక్కి వచ్చాయి. పాత నిబంధన, కొత్త నిబంధన పక్కపక్కన చూపమన్నారు. చూపాక తీసుకున్నారు.

తర్వాతి సమావేశంలో ఓటున్నవారికి పసుపు కార్డులిచ్చాం. అలవాటు కొద్దీ వెనక వరుసలో ఒక ఇంటర్ అమ్మాయి చేయెత్తి, నాలుక కరుచుకుని దించేసింది.

‘చేయి దించావు సరే, చెప్పదలచుకున్నది చెప్పమ్మా’ అన్నారు మాస్టారు.

‘బస్సు ఛార్జీలు పరీక్ష రోజే ఇవ్వండి సార్. నెలాఖరుకు ఇస్తే ఇంట్లో అడిగి రావాల్సి వస్తోంది.’

కోశాధికారి నా వైపు చూశారు. నేను మినిట్స్ పుస్తకం తెరిచాను.