థిన్ క్లయింట్ లాభం తేలేది సర్వర్ గదిలోనే

థిన్ క్లయింట్ అంటే ప్రోగ్రాములు, ఫైళ్లు సర్వర్‌లో ఉంటే, తెర, కీబోర్డు తగిలించుకుని దాన్ని వాడుకునే చిన్న డబ్బా. అది కొనేటప్పుడు చాలామంది డబ్బా ధర దగ్గరే ఆగిపోతారు. అన్నిటిలోకీ చిన్న లాభం అదే. వంద డెస్క్‌టాప్‌లుంటే ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి వంద మెషీన్లు సరిచూసుకోవాలి. థిన్ క్లయింట్లయితే సర్వర్ ఇమేజ్ (ఓఎస్, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపిన నకలు) ఒక్కటి మార్చి, తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి పాతది దాచుకుంటే సరిపోతుంది. టేబుల్ మీది డబ్బా పాడైతే ఇంకోటి తగిలించి లాగిన్ అవ్వడమే. సెషన్ (తెరిచి ఉన్న పని) సర్వర్‌లోనే నడుస్తోంది కాబట్టి, సగం టైప్ చేసిన ఫైలు ఎక్కడ ఆగిందో అక్కడే కనిపిస్తుంది. (డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌ని మూసేసే గడువు మరీ తక్కువ పెడితే ఈ సుఖం ఉండదు.) డబ్బాను ఎవరైనా ఎత్తుకెళ్లినా అందులో డేటా ఉండదు.

ఒక్కో డబ్బాకి కరెంటు 5 నుంచి 15 వాట్లు చాలు. చాలా మోడళ్లలో ఫ్యాన్ ఉండదు, దుమ్ము బెడద తక్కువ. కానీ సర్వర్‌కీ, దాని ఏసీకీ అయ్యే కరెంటు కూడా లెక్కలో వేయండి.

అసలు తప్పులు జరిగేది సర్వర్ సైజు దగ్గర. మెయిల్, స్ప్రెడ్‌షీట్, బ్రౌజర్ వాడేవాళ్లకు తలా 3 జీబీ ర్యామ్ అనుకుంటే 40 మందికి 120 జీబీ, ఓఎస్‌కి మరో 16. అంటే 128 చాలదు, 192 పెట్టాలి. ఆ ర్యామ్‌లో ఎక్కువ తినేది బ్రౌజరే. అలాంటి సర్వర్లు రెండు కావాలి, ఒకటి ఆగితే రెండోది 40 మందినీ మోయగలగాలి. యూజర్ ప్రొఫైళ్లు (ఒక్కొక్కరి సెట్టింగులు, ఫైళ్లు) మాత్రం ఆ రెండింటిలో కాకుండా విడిగా షేర్డ్ స్టోరేజ్‌లో ఉండాలి. లేకపోతే రెండో సర్వర్‌లో లాగిన్ అయినవాళ్లకు ఖాళీ డెస్క్‌టాప్ ఎదురవుతుంది.

పొద్దున అందరూ ఒకేసారి లాగిన్ అయినప్పుడు సిస్టమ్ ఈడ్చుకుంటోందంటే ముందు డిస్క్‌ని అనుమానించండి. నలభై ప్రొఫైళ్లు ఒక్కసారిగా లోడవుతుంటే హార్డ్‌డిస్క్ తట్టుకోలేదు, ఎస్ఎస్‌డీ తప్పనిసరి. యాంటీవైరస్ పూర్తి స్కాన్‌ని రాత్రికి మార్చండి.

నెట్‌వర్క్‌లో స్పీడ్ కన్నా ఆలస్యం ముఖ్యం. 50 మిల్లీసెకన్ల లోపుంటే తేడా తెలియదు. 150 దాటితే నొక్కిన అక్షరం తెరమీదికి రావడానికి తడబడుతుంది. వీలైనంతవరకు వైఫై కాకుండా కేబులే వేయండి.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ అయితే లైసెన్స్ గ్రేస్ పీరియడ్ (లైసెన్సులు లేకుండా నడిచే గడువు) 120 రోజులు. అన్నాళ్లూ సాఫీగా నడిచి, ఆ తర్వాత కనెక్షన్లు నిరాకరిస్తుంది. మూడు షిఫ్టులవాళ్లు ఒకే సీటు పంచుకుంటుంటే మనిషికొకటి చొప్పున యూజర్ లైసెన్సుల కన్నా డబ్బాకొకటి చొప్పున డివైస్ లైసెన్సులు తీసుకోండి, మూడింటి చోట ఒక్కటి చాలు.

మార్చే ముందు ఐదుగురితో రెండు వారాలు నడిపి చూడండి. ఆ ఐదుగురిలో స్కానర్, బార్‌కోడ్ రీడర్ లాంటివి వాడేవాళ్లు తప్పక ఉండాలి, ఎందుకంటే యూఎస్‌బీ రీడైరెక్షన్ (డబ్బాకి తగిలించిన పరికరాన్ని సర్వర్‌కి అందించడం) మొరాయించేది వాళ్ల దగ్గరే. కేడ్ డ్రాయింగులు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం వర్క్‌స్టేషన్లు అలాగే ఉంచండి. వాళ్లకోసం సర్వర్‌లో జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) పెట్టడం మొదలుపెడితే మిగతా చోట ఆదా చేసిన డబ్బు అక్కడికే పోవచ్చు.